ఈఎక్స్‌టీ4 రూట్‌ను బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి మార్చాక బూట్ అవ్వట్లేదు: మొదట గ్రబ్ ప్రాంప్ట్, దాన్ని దాటితే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ షెల్

ఖాళీ_టెర్మినల్ (ప్రశ్న)

డెబియన్ 12, యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ ఆఫ్. డిస్క్ ఒక్కటే. మొదటి పార్టిషన్ ఈఎస్‌పీ (ఫర్మ్‌వేర్ బూట్ ఫైళ్లు వెతికే చిన్న పార్టిషన్), రెండోది రూట్ (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండేది). /బూట్‌కి వేరే పార్టిషన్ లేదు. ఎల్‌వీఎం, ఎన్‌క్రిప్షన్ కూడా లేవు.

లైవ్ యూఎస్‌బీ నుంచి ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్, ఆ తర్వాత బీటీఆర్‌ఎఫ్‌ఎస్-కన్వర్ట్ (ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ని ఉన్నచోటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌గా మార్చే టూల్) నడిపాను. ఏ ఎర్రరూ లేకుండా పూర్తయింది. లైవ్‌లో మౌంట్ చేసి చూస్తే ఫైళ్లన్నీ ఉన్నాయి, ఈఎక్స్‌టీ2_సేవ్డ్ అని ఒకటి కొత్తగా కనిపిస్తోంది.

రీబూట్ చేస్తే మెనూ రావట్లేదు. "నో సచ్ డివైస్" అంటూ ఒక యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) చూపించి గ్రబ్ (బూట్‌లోడర్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతోంది. అక్కడ

కాన్ఫిగ్‌ఫైల్ (హెచ్‌డీ0,జీపీటీ2)/బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ

అని కొడితే మెనూ వస్తోంది. ఎంట్రీ ఎంచుకుంటే కెర్నల్ లోడవుతోంది కానీ కాసేపాగి "గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ రూట్ ఫైల్ సిస్టమ్ డివైస్" అని, కింద "అలర్ట్! యూయూఐడీ=... డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని చెప్పి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (అసలు రూట్ మౌంటయ్యేదాకా వాడే తాత్కాలిక సిస్టమ్) షెల్‌లోకి పడేస్తోంది.

డేటా బాగానే ఉన్నట్టుంది కాబట్టి వెనక్కి మార్చాలని లేదు. ఏమేం సరిచేయాలి, ఏ వరసలో?

బూట్‌లోడర్

కన్వర్షన్ సరిగ్గానే జరిగిందండీ. బీటీఆర్‌ఎఫ్‌ఎస్-కన్వర్ట్ డిఫాల్ట్‌గా ఫైల్‌సిస్టమ్‌కి కొత్త యూయూఐడీ ఇస్తుంది. పాత యూయూఐడీ రాసి ఉన్న చోట్లను అది ముట్టుకోదు. మీ మెషీన్‌లో అలాంటివి మూడు: ఈఎస్‌పీలో ఉన్న చిన్న గ్రబ్.సీఎఫ్‌జీ (ఈఎఫ్ఐ/డెబియన్ ఫోల్డర్‌లో), రూట్‌లో ఉన్న అసలు గ్రబ్.సీఎఫ్‌జీ, ఇక /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ (ఏ ఫైల్‌సిస్టమ్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే జాబితా). మొదటిది పాతబడింది కాబట్టే మెనూ రాలేదు. మీరు చేత్తో దాన్ని దాటేశారు, అప్పుడు రెండోదాంట్లోని రూట్=యూయూఐడీ=పాతది అన్న మాట కెర్నల్‌కి వెళ్లింది. ఎఫ్‌స్టాబ్ వంతు ఇంకా రాలేదు, వచ్చి ఉంటే అక్కడా ఆగేది.

లైవ్ యూఎస్‌బీ నుంచి మూడూ ఒకేసారి సరిచేయండి. ముందు బీఎల్‌కేఐడీ కొట్టి రూట్ పార్టిషన్ కొత్త యూయూఐడీ రాసిపెట్టుకోండి. అదే లైన్లో యూయూఐడీ_సబ్, పార్ట్‌యూయూఐడీ అని ఇంకా రెండు కనిపిస్తాయి, అవి కావు. ఉత్త యూయూఐడీయే కావాలి.

మౌంట్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 /ఎంఎన్‌టీ
మౌంట్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ
మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్

ఇదే పద్ధతిలో /ప్రాక్, /సిస్, /రన్ కూడా ఆర్‌బైండ్ చేసి, డిస్క్‌లోని సిస్టమ్‌లోకి మారడానికి సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ కొట్టండి. ఉత్త బైండ్ కాకుండా ఆర్‌బైండ్ ఎందుకంటే, /సిస్ లోపల ఉన్న ఈఎఫ్ఐవార్స్ (ఫర్మ్‌వేర్ సెట్టింగులు) కూడా రావాలి. అది లేకపోతే గ్రబ్-ఇన్‌స్టాల్ ఫర్మ్‌వేర్‌లో బూట్ ఎంట్రీ రాయలేదు.

లోపలికి వెళ్లాక ఎఫ్‌స్టాబ్‌లో రూట్ లైన్ ఇలా ఉండాలి:

యూయూఐడీ=కొత్తది / బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిఫాల్ట్స్ 0 0

చివరి అంకె 1 నుంచి 0కి మార్చండి. ఎఫ్‌ఎస్‌సీకే.బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనేది ఏ పనీ చేయని ప్రోగ్రాం, బూట్‌లో దాన్ని పిలవడం దండగ. తర్వాత వరసగా:

ఏపీటీ ఇన్‌స్టాల్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్-ప్రాగ్స్
అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్
గ్రబ్-ఇన్‌స్టాల్ --టార్గెట్=ఎక్స్86_64-ఈఎఫ్ఐ --ఈఎఫ్ఐ-డైరెక్టరీ=/బూట్/ఈఎఫ్ఐ --బూట్‌లోడర్-ఐడీ=డెబియన్
అప్‌డేట్-గ్రబ్

కన్వర్ట్ టూల్ లైవ్‌లో ఉన్నంత మాత్రాన ఇన్‌స్టాలైన సిస్టమ్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్-ప్రాగ్స్ ఉన్నట్టు కాదు, అందుకే ఆ మొదటి లైన్. సీహెచ్‌రూట్‌లో నెట్ పనిచేయకపోతే /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ చూడండి. బయటికి వచ్చే ముందు ఒక తనిఖీ: ఎల్ఎస్‌ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అవుట్‌పుట్‌ని గ్రెప్ చేస్తే బీటీఆర్‌ఎఫ్‌ఎస్.కేఓ కనబడాలి. కనబడకపోతే /ఈటీసీ/ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్‌లోని కాన్ఫిగ్‌లో మాడ్యూల్స్=డెప్ అని ఉందేమో చూసి, మోస్ట్ అని మార్చి మళ్లీ తయారుచేయండి.

ఇనోడ్_64

పైవారు చెప్పిన దాంట్లో ఎఫ్‌స్టాబ్ ఆప్షన్ల గురించి గట్టిగా చెప్పాలి. డెబియన్ ఇన్‌స్టాలర్ ఈఎక్స్‌టీ4 రూట్‌కి ఎర్రర్స్=రీమౌంట్-ఆర్‌ఓ అని రాస్తుంది. ఆ ఆప్షన్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి తెలియదు. చాలామంది యూయూఐడీ, టైపు మార్చి ఇది వదిలేస్తారు. అప్పుడు బూట్ చాలా దూరం వెళ్తుంది, ఎందుకంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ రూట్‌ను మౌంట్ చేసేటప్పుడు ఎఫ్‌స్టాబ్ చూడదు. తర్వాత సిస్టమ్‌డీ-రీమౌంట్-ఎఫ్‌ఎస్ సర్వీస్ ఎఫ్‌స్టాబ్ ఆప్షన్లతో రీమౌంట్ చేయబోయి విఫలమవుతుంది, రూట్ రీడ్-ఓన్లీగానే మిగిలిపోతుంది. ఆ పైన లాగిన్ మేనేజర్ మొదలు సగం సర్వీసులు పడిపోతాయి, చూసేవాళ్లకి డిస్క్ పాడైనట్టు అనిపిస్తుంది. డేటా=ఆర్డర్డ్, కమిట్ లాంటివి చేత్తో రాసి ఉంటే వాటినీ ఒకసారి చూడండి. కమిట్ రెండింటికీ ఉంది, డేటా= మాత్రం ఈఎక్స్‌టీ4దే. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో ఎప్పుడో రూట్‌ఎఫ్‌ఎస్‌టైప్=ఈఎక్స్‌టీ4 అని పెట్టి ఉంటే యూయూఐడీ సరిగ్గా ఉన్నా మౌంట్ అవ్వదు.

లైవ్ యూఎస్‌బీ చేతిలో లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. గ్రబ్ మెనూలో ఎంట్రీ మీద ఈ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్లో రూట్=యూయూఐడీ=... తీసేసి రూట్=/డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 పెట్టండి. చివర ఇనిట్=/బిన్/బాష్ చేర్చి ఎఫ్10 నొక్కండి. షెల్ వచ్చాక

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 /

డివైస్, డైరెక్టరీ రెండూ ఇవ్వాలి. రెండూ ఇస్తే మౌంట్ ఎఫ్‌స్టాబ్ జోలికి పోదు, ఇక్కడ మనకి కావల్సింది అదే. ఎఫ్‌స్టాబ్ సరిచేసి ఎగ్జెక్ /ఎస్‌బిన్/ఇనిట్ కొడితే మామూలు బూట్ కొనసాగుతుంది. లాగిన్ అయ్యాక అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ తీరిగ్గా నడుపుకోవచ్చు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ ముందే ఉంటేనే ఇది కుదురుతుంది. మాడ్యూల్స్=మోస్ట్ అయితే ఉంటుంది.

పాత బయాస్ బూట్ ఉన్నవాళ్ల సంగతి వేరు. అక్కడ గ్రబ్ కోర్ ఇమేజ్‌లో (గ్రబ్‌లో మొదట లోడయ్యే భాగం) ఈఎక్స్‌టీ2 మాడ్యూల్ మాత్రమే ఉంటుంది, కాబట్టి వచ్చేది గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్. అందులో ఎల్ఎస్ కొడితే రూట్ పార్టిషన్ "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" అని వస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ లోడ్ చేద్దామంటే ఆ మాడ్యూల్ ఫైలే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద ఉంది! అక్కడ ప్రిఫిక్స్ మార్చి ఎంతసేపు కుస్తీ పట్టినా లాభం లేదు, లైవ్ నుంచి సీహెచ్‌రూట్ చేసి గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ కొట్టాల్సిందే. పార్టిషన్ కాదు, డిస్క్ పేరు.

ఖాళీ_టెర్మినల్

ఇద్దరికీ ధన్యవాదాలండీ. సీహెచ్‌రూట్ దారిలో వెళ్లాను, ఎర్రర్స్= ఆప్షన్ కూడా తీసేశాను, బూట్ అయింది. రెండు మిగిలాయి. గ్రబ్‌లో "స్పార్స్ ఫైల్ నాట్ అలౌడ్" అని వచ్చి ఏదో కీ నొక్కమంటోంది. /స్వాప్‌ఫైల్ ఆన్ అవ్వట్లేదు, డీమెసేజ్‌లో "స్వాప్‌ఫైల్ మస్ట్ నాట్ బీ కాపీ-ఆన్-రైట్" అని ఉంది. ఈఎక్స్‌టీ2_సేవ్డ్ ఇప్పుడే తీసేయవచ్చా?

బూట్‌లోడర్

మొదటిది: గ్రబ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ని చదవగలదు కానీ బూట్ సమయంలో అందులో ఉన్న గ్రబ్‌ఎన్వ్ (గ్రబ్ తన ఎంపికలు గుర్తుపెట్టుకునే) ఫైల్లోకి రాయలేదు. మీ /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో గ్రబ్_సేవ్‌డిఫాల్ట్=ట్రూ ఉండి ఉంటుంది. దాన్ని కామెంట్ చేసి, గ్రబ్_డిఫాల్ట్=0 పెట్టి అప్‌డేట్-గ్రబ్ నడపండి.

స్వాప్ ఫైలు పాతదాన్ని బాగుచేయడం కుదరదు. దాని బ్లాకులు ఈఎక్స్‌టీ2_సేవ్డ్‌లోని పాత ఈఎక్స్‌టీ4 ఇమేజ్‌తో పంచుకుని ఉన్నాయి, పైగా నో-కౌ (కాపీ-ఆన్-రైట్ వద్దని చెప్పే) గుర్తు ఖాళీ ఫైలుకే పెట్టాలి. తీసేసి కొత్తది చేయండి. డెబియన్ 12లోని బీటీఆర్‌ఎఫ్‌ఎస్-ప్రాగ్స్‌కి ఆ కమాండ్ ఉంది:

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సబ్‌వాల్యూమ్ క్రియేట్ /స్వాప్
బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ ఎంకేస్వాప్‌ఫైల్ --సైజ్ 4జీ /స్వాప్/స్వాప్‌ఫైల్

ప్రత్యేక సబ్‌వాల్యూమ్ (బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లోపలి విడి భాగం) ఎందుకంటే, యాక్టివ్ స్వాప్ ఫైలు ఉన్న సబ్‌వాల్యూమ్‌కి స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీయనివ్వదు. ఎఫ్‌స్టాబ్‌లో దారి మార్చడం మరవద్దు. హైబర్నేట్ వాడుతుంటే రెజ్యూమ్ యూయూఐడీ, ఆఫ్‌సెట్ రెండూ మారతాయి. ఆఫ్‌సెట్‌ని ఫైల్‌ఫ్రాగ్‌తో లెక్కేస్తే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద తప్పు వస్తుంది, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇన్‌స్పెక్ట్-ఇంటర్నల్ మ్యాప్-స్వాప్‌ఫైల్ -ఆర్ వాడండి.

స్నాప్‌షాట్_0

ఈఎక్స్‌టీ2_సేవ్డ్ గురించి: అది ఉన్నంతవరకే వెనక్కి వెళ్లే దారి ఉంటుంది. బ్యాలెన్స్ (డేటాను డిస్క్ మీద మళ్లీ సర్దే పని) నడిపితే అది ఉన్నా దారి మూసుకుపోవచ్చు, కాబట్టి తేల్చుకునేదాకా బ్యాలెన్స్ జోలికి వెళ్లకండి. సర్వీసులన్నీ సరిగ్గా లేస్తున్నాయని, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్క్రబ్ స్టార్ట్ / తప్పులేవీ చూపించలేదని నిర్ధారించుకున్నాక

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సబ్‌వాల్యూమ్ డిలీట్ /ఈఎక్స్‌టీ2_సేవ్డ్

కొట్టండి. ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ వద్దు. ఆ తర్వాతే డీఫ్రాగ్, మెటాడేటా బ్యాలెన్స్.

ఒకవేళ బీటీఆర్‌ఎఫ్‌ఎస్-కన్వర్ట్ -ఆర్‌తో వెనక్కి వెళ్తే ఒక తిరకాసు ఉంది. రూట్ లోపలి ఎఫ్‌స్టాబ్, గ్రబ్.సీఎఫ్‌జీ, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అన్నీ కన్వర్షన్ నాటి స్థితికి వాటంతటవే వస్తాయి, ఎందుకంటే అవి ఆ ఇమేజ్‌లోనే ఉన్నాయి. ఈఎస్‌పీ మాత్రం వేరే పార్టిషన్. అక్కడి చిన్న గ్రబ్.సీఎఫ్‌జీలో కొత్త యూయూఐడీయే ఉండిపోతుంది, మళ్లీ అదే "నో సచ్ డివైస్" వస్తుంది. అప్పుడు ఆ ఒక్క ఫైల్లో యూయూఐడీ మారిస్తే చాలు.

స్నాప్‌షాట్ల కోసం రూట్‌ను @ సబ్‌వాల్యూమ్‌లోకి మార్చే ఆలోచన ఉంటే, అదీ ఇలాంటి పనే. కన్వర్షన్ తర్వాత రూట్ టాప్ లెవెల్‌లో, అంటే సబ్‌వాల్ఐడీ 5లో ఉంటుంది. దాని స్నాప్‌షాట్ /@ గా తీసి, ఎఫ్‌స్టాబ్‌లో సబ్‌వాల్=@ రాసి, లైవ్ నుంచి -ఓ సబ్‌వాల్=@ తో మౌంట్ చేసి సీహెచ్‌రూట్ లోపల గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ రెండూ నడపాలి. రూట్‌ఫ్లాగ్స్=సబ్‌వాల్=@ అన్నది అప్‌డేట్-గ్రబ్ తనే రాస్తుంది, సరైన సబ్‌వాల్యూమ్ మౌంటై ఉంటేనే. గ్రబ్-ఇన్‌స్టాల్ మానేస్తే ఈఎస్‌పీ ఫైలు పాత /బూట్/గ్రబ్‌నే చూపిస్తుంటుంది. సిస్టమ్ బూట్ అవుతుంది కానీ పాత రూట్‌లోంచి, పాత కెర్నల్ జాబితాతో. తర్వాత కెర్నల్ అప్‌డేట్ వచ్చినా మెనూలో కనపడకపోతే ముందు చూడాల్సింది ఇదే. ఫైండ్ఎంఎన్‌టీ / కొడితే ఇప్పుడు ఏ సబ్‌వాల్యూమ్ మీద ఉన్నారో తెలుస్తుంది. అందులో @ కనపడ్డాకే టాప్ లెవెల్‌లోని పాత ఫోల్డర్లు తీసేయండి. నెస్టెడ్ సబ్‌వాల్యూమ్‌లు స్నాప్‌షాట్‌లోకి రావు, మీరు ఇప్పుడు చేసిన /స్వాప్ కూడా @ లో ఖాళీ ఫోల్డరుగానే కనపడుతుంది, దాన్ని ఎఫ్‌స్టాబ్‌లో విడిగా మౌంట్ చేసుకోవాలి.