ఇంట్లో ఆరేళ్ల పాప ఉండగా గూటీ నీలం సాలీడును పెంచుకోవచ్చా?

ఎనిమిదికాళ్లోడు (డల్లాస్)

నాలుగేళ్లుగా నా దగ్గర ఒక మెక్సికన్ ఎర్రమోకాలు టరాంటులా, అంటే ఒళ్లంతా నూగుండే పెద్ద సాలీడు, ఉంది. ఆడది, పేరు బుజ్జమ్మ. ఇంతవరకు నన్ను కరవలేదు. ఒకట్రెండు సార్లు వెనక కాళ్లతో పొట్ట మీది నూగు గీకి నా మీదకి వదిలింది, ముంజేయి రెండు రోజులు దురద పెట్టింది, అంతే. ఇప్పుడు గూటీ టరాంటులా తెచ్చుకోవాలని మనసు లాగుతోంది. మనవాళ్లలో చాలామందికి తెలియదు గానీ, ప్రపంచమంతా ఎగబడే ఆ మెరిసే నీలం సాలీడు మనదే, అనంతపురం జిల్లా గూటీ పేరే దానికి పెట్టారు. ఇక్కడ వచ్చే నెల పెంపుడు జీవుల ఎక్స్‌పోలో పెంపకంలో పుట్టిన పిల్లలు అమ్మకానికి వస్తాయట.

మా ఆవిడ వద్దంటోంది. పాపకి ఆరేళ్లు. నా వాదన ఒక్కటే, టరాంటులా కరిచి మనిషి పోయినట్టు నిర్ధారణ అయిన కేసు నాకు తెలిసి ఒక్కటీ లేదు. మరి దేనికింత టెన్షన్? పెంచినవాళ్లు చెప్పండి ప్లీజ్, వీడియోలు చూసినవాళ్లు కాదు.

చార్మినార్ చాయ్

అన్నా, తెచ్చేసుకో. కుక్కని తెస్తే ఎవడూ ఏమీ అనడు, మన దగ్గర కుక్క కరిచి రేబిస్‌తో ఏటా ఎంతమంది పోతున్నారో అందరికీ తెలుసు. సాలీడు అనగానే మాత్రం ఊరంతా లాయర్లే. అది గాజు పెట్టెలో కూర్చుంటుంది, వారానికో పురుగు తింటుంది, మొరగదు, వాకింగ్‌కి తీసుకెళ్లమనదు. నేను పెంచలేదు, ఒప్పుకుంటున్నా, కానీ ఇందులో లాజిక్ అర్థం కావడానికి పెంచాల్సిన పని లేదు కదా.

మాంచెస్టర్ మామ

నేను పెంచినవాణ్ని, కరిపించుకున్నవాణ్ని కూడా, కాబట్టి రాస్తున్నా. నన్ను కరిచింది గూటీ కాదు, దాని దగ్గరి చుట్టం, పొయెసిలోథీరియా రెగాలిస్. అదీ మన దేశపుదే. పెట్టె మార్చాలి, రాత్రి పదింటికి బాత్రూమ్ టబ్బులో అంతా సర్దుకుని కూర్చున్నా. జారినా టబ్బు గోడ ఎక్కలేదు అని అందరూ చెప్పే చిట్కా. నేల మీద ఉండే జాతుల సంగతి ఎలా ఉన్నా, చెట్ల మీద బతికేవి గాజు మీదే పరిగెడతాయి, వాటికి టబ్బు ఒక లెక్కా!

బెరడు ముక్కని పట్టకారుతో పైకెత్తా. దాని వెనక ఉందనుకున్నా. లేదు, అప్పటికే పట్టకారు ఎక్కేసింది. నేను చూసేలోపు బొటనవేలి మొదట్లో పొడిచింది. రెండు చుక్కలు, కొంచెం రక్తం. మొదటి గంట కందిరీగ కుట్టినట్టు మంట, చెయ్యి వాచింది. ఇంతేనా అని నవ్వుకున్నా కూడా. మర్నాడు పొద్దున సాక్సు తొడుక్కుంటుంటే ఎడమ పిక్క పట్టేసింది. కరిచింది కుడిచేతిని, పట్టింది ఎడమ కాలు! ఆ తర్వాత ఐదు రోజులు తొడ, వీపు, పక్కటెముకల కింద, ఎప్పుడు ఎక్కడ పట్టేస్తుందో తెలియదు, నిద్రలో అరిచి లేచేవాణ్ని, కారు నడపలేక ఆఫీసుకి సెలవు పెట్టా. చావలేదు, నిజమే తమ్ముడూ. కానీ చావడం లేదు కాబట్టి పర్లేదు అంటే, ఇక పంటినొప్పికి కూడా ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేదు.

ఇంకో మాట. నీ బుజ్జమ్మతో వచ్చిన నాలుగేళ్ల అనుభవం గూటీ దగ్గర పనికిరాదు. అమెరికా ఖండాల జాతులు చాలావరకు ముందు నూగు వదులుతాయి, ఆ తర్వాతే కోరలు. ఆసియా, ఆఫ్రికా జాతులకి ఆ నూగే లేదు. ఉన్నవి రెండే, పారిపోవడం, కరవడం. పైగా ఆ వేగం... కళ్లతో చూస్తే తప్ప నమ్మలేం.

నైట్ డ్యూటీ డాక్టర్

గుంటూరు వైపు ఎమర్జెన్సీలో చేస్తాను. నిజం చెప్పాలంటే టరాంటులా కాటు కేసు నా చేతికి ఒక్కటీ రాలేదు, తేళ్లు, పాములే మా బతుకు. చదివింది మాత్రం చెప్తాను. 2014లో టాక్సికాన్ అనే పత్రికలో ఈ పొయెసిలోథీరియా జాతుల (గూటీ కూడా వీటిలోదే) కాట్లు 26 పోగేసి చూశారు. సగానికి పైగా మందికి కండరాలు పట్టేశాయి, అవి కూడా కరవగానే కాదు, గంటల తర్వాత మొదలై రోజుల తరబడి. మామ గారు చెప్పింది దానికి సరిగ్గా సరిపోతోంది.

దీనికి విరుగుడు మందు లేదు. మన ఆసుపత్రుల్లో ఉండే యాంటీవీనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి కోసం, సాలీడుకి అది పనిచేయదు, ఎవరైనా ఎక్కిస్తామంటే వద్దనండి. నొప్పి తగ్గించడం, కండరాలు వదులయ్యే మందులు, టీటీ, గమనిస్తూ ఉండటం, ఇంతే వైద్యం. ఇంట్లో అయితే సబ్బునీళ్లతో కడగాలి, గుడ్డ చుట్టిన ఐస్ పెట్టాలి, ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయాలి. గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో గాటు పెట్టడం, నోటితో పీల్చడం, దయచేసి ఇవేవీ వద్దు. ఏ జాతి కరిచిందో శాస్త్రీయ నామంతో కాగితం మీద రాసి పెట్టె మీద అంటించండి, మీరు నొప్పితో మూలుగుతుంటే మీ ఆవిడ ఆ కాగితం పట్టుకొస్తే చాలు.

పాప సంగతి. కోరల్లో విషం మనిషిని చూసి తగ్గదు. డెబ్బై ఐదు కిలోల మనిషికీ, ఇరవై కిలోల పిల్లకీ అదే మోతాదు ఎక్కొచ్చు. ఆ 26 కేసులు చూసి పిల్లలకి కూడా ఏమీ కాదు అని నేనైతే సంతకం పెట్టను.

చార్మినార్ చాయ్

సరే డాక్టర్ గారూ, గూటీ వద్దనుకుందాం. అప్పుడు బుజ్జమ్మ లాంటివి సేఫే అన్నట్టేగా?

నైట్ డ్యూటీ డాక్టర్

కాటు వరకైతే చాలావరకు అవును, తేనెటీగ స్థాయి. కానీ ఆ నూగుని దురదపొడి అనుకుని తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లండ్‌లో లీడ్స్‌కి చెందిన ఒకతను చిలీ గులాబీ టరాంటులా పెట్టె అద్దం మీద మరక పోవడం లేదని ముఖం దగ్గరగా పెట్టి రుద్దుతుంటే, వెనక నుంచి సాలీడు అతని కళ్లలోకి నూగు విసిరింది. కన్ను ఎర్రబడి తగ్గకపోతే మామూలు ఇన్ఫెక్షన్ అనుకుని మందులు వాడారట, తర్వాత పెద్దగా చేసి చూస్తే నల్లగుడ్డు మీది పొరలో సన్నటి వెంట్రుకలు దిగబడి ఉన్నాయి. తీయడానికి కూడా వీల్లేనంత చిన్నవి. 2010 మొదట్లో లాన్సెట్‌లో వచ్చింది ఇది. కాబట్టి పెట్టె శుభ్రం చేసేటప్పుడు కళ్లద్దాలు, గ్లోవ్స్. చర్మం మీద పడితే రుద్దకుండా టేపు అంటించి లాగండి. కంట్లో పడితే నీళ్లతో బాగా కడిగి నేరుగా కంటి డాక్టరు దగ్గరికి.

నల్లమల గాలి

విషం సంగతి మీరు చూసుకోండి, నాకు ఇంకో మంట ఉంది. మాది నంద్యాల. దీన్ని గూటీ సాలీడు అంటారు గానీ, 1899లో పోకాక్ అనే ఆయన వర్ణించింది గూటీ రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క సాలీడును చూసి. కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అంటారు. ఆ తర్వాత వందేళ్లు ఎవరికీ కనపడలేదప్పా. 2001లో మళ్లీ దొరికింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. అది బతికే చోటు మొత్తం కలిపి వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదు, పాత చెట్ల తొర్రలు ఉంటేనే అది ఉంటుంది, ఆ చెట్లే కట్టెలకి పోతున్నాయి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదం అంచున ఉన్న జాతిగా పెట్టింది.

మేం ఇక్కడ దాన్ని కళ్లారా చూడలేదు, అమెరికాలో మాత్రం డబ్బాల్లో వరసగా పెట్టి అమ్ముతారు. వాటి మొదటి తల్లులు ఏ దారిన దేశం దాటాయో ఒక్కసారి ఆలోచించు అన్నా.

ఎనిమిదికాళ్లోడు (డల్లాస్)

నల్లమల గాలి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఇక్కడివి తరాల తరబడి పెంపకంలో పుట్టినవి, అడవి నుంచి పట్టినవి కాదు. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు, అంటే దేశం దాటాలంటే పర్మిట్ ఉండాలి. 2018లో అమెరికా ప్రభుత్వం శ్రీలంక జాతులు ఐదింటిని తన అంతరించే జీవుల జాబితాలో పెట్టింది, గూటీ అందులో లేదు. చట్టం ప్రకారం నాకేం అడ్డు లేదు.

మామా, మీ కాటు కథ చదివి పక్కన పెట్టా గానీ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా మీరే అన్నారు, పెట్టె మార్చేటప్పుడే కరిచిందని. చేతిలోకి తీసుకోకపోతే, తాళం వేసిన పెట్టె అయితే?

మాంచెస్టర్ మామ

అదే నేను చెప్పేది. నేను కూడా చేతిలోకి ఎప్పుడూ తీసుకోలేదు! మూత తీసిన ఆ రెండు నిమిషాలే ప్రమాదం, మిగతా ఏడాదంతా అది గోడకి వేలాడే బొమ్మ. పట్టకారు పన్నెండు అంగుళాలది కొను, పొట్టిది వద్దు. తెచ్చినరోజే పెట్టెలో నిలువు బెరడు, దాని వెనక చీకటి చోటు ఇవ్వు, దాక్కోడానికి చోటుంటే అది నీ మీదకి రాదు. మూత తీసే ముందు ఎక్కడుందో టార్చి వేసి చూడు. కనపడకపోతే ఆ రోజు తీయకు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, గట్టి అట్టముక్క ఒకటి చేతికందేలా పెట్టుకో. అది వెల్లకిలా పడి ఉంటే చచ్చిందని కదపకు, కుబుసం విడుస్తోందని అర్థం, ఆ టైములో లోపల తిండికని వేసిన కీచురాయి బతికుంటే అదే దీన్ని కొరికేస్తుంది. ఇక బుజ్జమ్మ లాంటి బరువైన వాటిని చేతిలో ఆడించేవాళ్లకి నా దండం, రెండడుగుల నుంచి కింద పడితే పొట్ట పగిలి పోతుంది, కరిచినా కరవకపోయినా నష్టం దానికే.

టామీ వాళ్ల నాన్న

ఇంట్లో కుక్క ఉందా? చార్మినార్ తమ్ముడు కుక్కతో పోల్చాడు కాబట్టి అడుగుతున్నా. ఆస్ట్రేలియాలో అక్కడి టరాంటులాలు మనుషుల్ని కరిచినప్పుడు పెద్దగా ఏమీ కాలేదు, అదే అధ్యయనంలో కరిపించుకున్న ఏడు కుక్కలూ చచ్చిపోయాయి, కొన్ని అరగంట నుంచి రెండు గంటల్లోపే. అవి వేరే జాతులు, గూటీ గురించి అలా అనలేను. కానీ మనిషికి ఏమీ కాదు కాబట్టి ఇంట్లో అందరికీ ఏమీ కాదు అనుకోవడం తప్పని చెప్పడానికి రాశా.

ఎనిమిదికాళ్లోడు (డల్లాస్)

నమస్కారం. లాగిన్ ఆయనది, రాస్తున్నది నేను, వాళ్ల ఆవిడని. ఈ చర్చ అంతా చదివాను. నేను విషం గురించి భయపడి వద్దన్నానని ఆయన అందరికీ చెప్తున్నారు, అది నిజం కాదు.

మార్చిలో మావయ్యగారికి కంటి ఆపరేషన్ అని ఆయన మూడు వారాలు హైదరాబాద్ వెళ్లారు. బుజ్జమ్మకి కీచురాళ్లు వెయ్యాల్సింది నేను. డబ్బాలోంచి ఒకటి తప్పించుకుని ఫ్రిజ్ వెనక దూరి నాలుగు రాత్రులు కీచుమంది, అది పెద్ద విషయం కాదు. రెండో వారం ఒకరోజు మూత తీసి పురుగు వేస్తుండగా నా ఫోన్ మోగింది, మీటింగ్. వెళ్లి వచ్చేసరికి పాప స్టూల్ ఎక్కి పెట్టె పక్కన నిలబడి ఉంది. మూత వేశాను గానీ గొళ్లెం వెయ్యలేదు. బుజ్జమ్మకి బొమ్మ ఇద్దామనుకున్నానమ్మా అంది. ఇది ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆయన పట్టకారు పన్నెండు అంగుళాలది కొంటారు, టార్చి వేస్తారు, అన్నీ చేస్తారు, నాకు తెలుసు. ఆయన లేనప్పుడు ఆ మూత తీసేది ఎవరు? నన్ను ఎవరైనా అడిగారా?

చార్మినార్ చాయ్

వదినా, నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా.

మాంచెస్టర్ మామ

అమ్మా, మీరు చెప్పింది నాకే తట్టలేదు. ఒక్క సంగతి మాత్రం, ఇది తమ్ముడు మీకు ముందే చెప్పాల్సింది. పెద్ద టరాంటులాకి మూడు వారాలు తిండి లేకపోయినా ఏమీ కాదు. నీళ్లు ఉంటే చాలు. గాలి రంధ్రంలోంచి పొడుగు మూతి సీసాతో గిన్నెలోకి నీళ్లు వదలొచ్చు, మూతతో పనే లేదు. అతను ఊళ్లో లేనప్పుడు ఎవరూ మూత తీయకూడదు, తాళంచెవి అతనితోనే పోవాలి, నన్నడిగితే ఇంట్లో పెట్టాల్సిన రూల్ ఇదొక్కటే.

అయితే ఎక్స్‌పోలో దొరికేది పిల్ల సాలీడు తమ్ముడూ. గోరంత ఉంటుంది. దానికి వారానికి రెండుసార్లు తిండి వెయ్యాలి, మట్టి ఎండిపోకుండా చూడాలి, మూడు వారాలు వదిలేస్తే ఆగకపోవచ్చు. అంటే పెద్దదయ్యేదాకా, ఒకటిన్నర రెండేళ్లు, నువ్వు ఊరెళ్లిన ప్రతిసారీ ఆ మూత మీ ఆవిడే తీయాలి. తీసిన ప్రతిసారీ ఆ పిల్ల కొంచెం పెద్దదై, కొంచెం వేగంగా ఉంటుంది.

ఎనిమిదికాళ్లోడు (డల్లాస్)

ఇది నేనే. స్టూల్ సంగతి ఇక్కడ చదివే తెలిసింది. నిన్న బుజ్జమ్మ పెట్టెని పాప గదికి దూరంగా నా ఆఫీసు గదిలో పై అరకి మార్చా, గొళ్లెం తీసేసి తాళం పెట్టా. డాక్టర్ గారు చెప్పినట్టు కాగితం కూడా అంటించా. గూటీ ఇప్పుడు కాదు. పాపకి పదేళ్లు వచ్చాక మళ్లీ మాట్లాడుకుందాం అనుకున్నాం, ఆ మాట మా ఆవిడే అంది, నేను కాదు. ఎక్స్‌పోకి మాత్రం వెళ్తున్నా, ఊరికే చూడటానికి.

మాంచెస్టర్ మామ

ఊరికే చూడటానికి వెళ్లే నేను మూడు తెచ్చుకున్నా. పర్సు ఇంట్లో పెట్టి వెళ్లు.

ఎనిమిదికాళ్లోడు (డల్లాస్)

పర్సు నా దగ్గరే ఉంది అన్నయ్యగారూ. (ఆవిడ)