మందు పట్టించిన పరుపు తొడుగు వేసినా నల్లులు చావడం లేదు

ప్రశ్న: పెర్మెత్రిన్ పట్టించిన తొడుగును పరుపుకు వేసి నెల దాటింది. నల్లులు తగ్గకపోగా ఆ తొడుగు కుట్ల వెంబడే గుంపులుగా కనిపిస్తున్నాయి. తొడుగు నకిలీదై ఉంటుందా? ఇంకా ఘాటైన మందు కొట్టించమంటారా?

సమాధానం: తొడుగు అసలైనదే అయినా ఇలా జరుగుతుందండీ. పెర్మెత్రిన్ పైరెత్రాయిడ్ వర్గపు మందు. అది నల్లి నాడీకణాలలోని సోడియం ద్వారాలకు (నాడీ సంకేతాలను నడిపించడానికి తెరుచుకుని మూసుకునే సూక్ష్మమైన దారులకు) అంటుకుని, వాటిని సకాలంలో మూసుకోనివ్వకుండా చేయడం వల్ల నల్లి వణికి, చచ్చుబడి చస్తుంది. జన్యుమార్పు వల్ల ఆ ద్వారాల ఆకృతి కొద్దిగా మారిన నల్లులలో మందుకు పట్టు చిక్కదు. కొన్నింటిలో మందును విచ్ఛిన్నం చేసే ఎంజైములు అధికంగా ఉంటాయి, మరికొన్నింటికి పైపొర మందంగా ఉంటుంది. డీడీటీ పనిచేసేదీ ఆ ద్వారాల మీదే కాబట్టి, 1940ల చివరినాటికే దానికి లొంగకుండా పోయిన నల్లుల గుణం పైరెత్రాయిడ్లను తట్టుకోవడానికీ అక్కరకు వస్తుంది. అందువల్ల అదే వర్గపు మందును రెట్టింపు మోతాదులో కొట్టిస్తే నల్లుల కంటే మీకే ఎక్కువ హాని.

వేడిని నమ్ముకోండి. పెద్ద నల్లులు 48 డిగ్రీల సెల్సియస్ దాటితే, గుడ్లు 55 డిగ్రీల దగ్గర చనిపోతాయి. దుప్పట్లను 60 డిగ్రీల నీటిలో ఉతికి, డ్రైయర్‌లో గరిష్ఠ వేడి మీద అరగంట తిప్పండి. మంచం సందులకు ఆవిరి యంత్రం వాడేటప్పుడు చేయి నిదానంగా కదలాలి, లేకపోతే లోపలి గుడ్లకు సెగ తగలదు. ఈ పని తొందరలో చెడగొట్టుకునేవారే ఎక్కువ. పరుపుకు మందు లేని, జిప్పుతో పూర్తిగా మూసుకునే తొడుగు చాలు. మంచం కోళ్ల కింద నల్లులు జారిపడే గిన్నెలు పెట్టి, మంచాన్ని గోడకు ఎడంగా జరపండి. గుడ్లు సాధారణంగా 6 నుంచి 10 రోజులలో పొదుగుతాయి కనుక, రెండు వారాలకు మళ్లీ ఇదంతా చేయక తప్పదు.

ప్రశ్న: పరుపును ఎండలో వేస్తే సరిపోదా? ఈలోగా వేరే గదిలో పడుకోవచ్చా?

సమాధానం: ఎండకు పైభాగం కాలినా పరుపు లోపల అంత వేడి చేరదు, నల్లులు నీడ వైపుకు తప్పుకుంటాయి. గది మాత్రం మారకండి. నెలల తరబడి ఆకలికి ఓర్చుకోగల ఈ పురుగులు మీ వెంటే ఆ గదికీ వస్తాయి, అప్పుడు రెండు గదులు శుభ్రం చేసుకోవలసి వస్తుంది.