వాట్సన్ లేని సీ షెపర్డ్: సంస్థ చేసింది సరైనదేనా?

తీరవాసి:

సముద్రాన్ని కాపాడే సంస్థల గురించి ఇక్కడ మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. వాటిని నడిపేవాళ్ల గురించి మాత్రం ఎప్పుడూ సరిగ్గా చర్చించలేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను.

సీ షెపర్డ్ అంటే ఓడలేసుకుని వెళ్లి తిమింగలాల వేటను, చట్టవిరుద్ధంగా సాగే చేపల వేటను అడ్డుకునే సంస్థ. 1977లో పాల్ వాట్సన్ అనే కెనడా ఆయన మొదలుపెట్టాడు. నలభై అయిదేళ్ల తర్వాత ఆయనకూ సంస్థకూ చెడింది. 2022 జూలైలో అమెరికా శాఖకు ఆయన రాజీనామా చేశాడు. ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా ఉన్న సీ షెపర్డ్ గ్లోబల్ కూడా అదే ఏడాది ఆయన్ని బయటికి పంపింది. ప్రభుత్వాలతో కలిసి పనిచేస్తేనే ఫలితం ఉంటుందన్నది బోర్డు వైఖరి. ఎదురెళ్లి అడ్డుకోవడానికే పుట్టాం, అది వదిలేస్తే ఇంకేం మిగిలిందన్నది వాట్సన్ వాదన. ఫ్రాన్స్, బ్రెజిల్ శాఖలు ఆయన పక్షాన నిలిచాయి. ఆయన తన పేరుతోనే కొత్త ఫౌండేషన్ పెట్టుకున్నాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సంస్థ ఎంచుకున్న దారి సరైనదే. ఎందుకంటే దాని చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే పని వాట్సన్ ఓడలో లేకుండానే జరిగింది.

2014 డిసెంబర్ 17న అంటార్కిటికా దగ్గర 'బాబ్ బార్కర్' అనే ఓడ, 'థండర్' అనే దొంగ వేట ఓడను కనిపెట్టింది. థండర్ పారిపోయింది, వీళ్లు వదల్లేదు. 110 రోజులు వెంటపడ్డారు. బాబ్ బార్కర్ కెప్టెన్ స్వీడన్‌కు చెందిన పీటర్ హామర్‌స్టెడ్. తోడుగా వెళ్లిన 'సామ్ సైమన్' కెప్టెన్ సిద్ధార్థ్ చక్రవర్తి, మన దేశం మనిషే. థండర్ వదిలేసి పోయిన వలలు సామ్ సైమన్ వాళ్లు పైకి లాగితే మొత్తం 72 కిలోమీటర్లు తేలాయి. ఆ చలిలో, ఆ అలల మీద! వల లాగడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ అంకె చదివితే చేతులు నొప్పెడతాయి. 2015 ఏప్రిల్ 6న పశ్చిమ ఆఫ్రికా దగ్గరి సావో తోమే దీవి దగ్గర థండర్ మునిగిపోయింది. అందులోని 40 మందిని వీళ్లే కాపాడారు. మునుగుతున్న ఓడలోకి ఎక్కి చూస్తే, మూసి ఉండాల్సిన తలుపులు తెరిచి కట్టేసి ఉన్నాయట. సాక్ష్యం మాయం చేయడానికి వాళ్లే ముంచుకున్నారన్న మాట. ఆ తర్వాత అక్కడి కోర్టు కెప్టెన్‌కూ ఇద్దరు ఇంజనీర్లకూ శిక్ష వేసింది.

నల్లజెండా:

తీరవాసి గారూ, థండర్ కథ నాకూ ఇష్టమే. కానీ ఆ కుర్రాళ్లకు అలా వెంటపడే తెగువ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదా.

1975 జూన్. కాలిఫోర్నియా తీరానికి దూరంగా సోవియట్ వేట ఓడ. దానికీ తిమింగలాల గుంపుకూ మధ్య చిన్న రబ్బరు పడవలో వాట్సన్. అప్పటికి ఆయన గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థలో ఉన్నాడు. తిమింగలాల మీదికి పేల్చే ఈటె, హార్పూన్, వాళ్ల తలల మీదుగా దూసుకెళ్లి ఒక ఆడ తిమింగలానికి దిగింది. మగది ఓడ మీదికి తిరగబడింది, దానికీ దెబ్బ తగిలింది. రక్తం కారుతూ అది వీళ్ల పడవ పక్కనే పైకి లేచింది. అంత తల ఒక్కసారి వాలితే చాలు, పడవ ఉండదు, మనుషులుండరు. అది వాలలేదు. వెనక్కి జారి నీళ్లలోకి పోయింది. పోతూ పోతూ ఆ కన్ను తనను చూసిందని, అది మనల్ని చూసి జాలిపడిందని ఆయన ఇప్పటికీ చెబుతాడు. ఆ కన్ను చూసినవాడు బోర్డు మీటింగులో ఓటు లెక్కపెట్టుకుంటూ కూర్చోగలడా?

గ్రీన్‌పీస్ కూడా 1977లో ఆయన్ని ఓటు వేసే పంపించింది. సీల్ అనే సముద్ర జంతువు పిల్లల్ని కొట్టే వేటగాడి చేతిలో కర్ర లాక్కుని నీళ్లలో పారేసినందుకు! నలభై అయిదేళ్ల తర్వాత ఆయన సొంత సంస్థే అదే పని చేసింది.

అంకెలు కావాలంటే ఇవి చూడండి. అంటార్కిటికాలో జపాన్ 'పరిశోధన' పేరుతో ఏటా దాదాపు 850 మింకీ తిమింగలాలను చంపుతామని కోటా పెట్టుకుంది. 2010-11 సీజన్‌లో 172 తిమింగలాలతో సరిపెట్టుకుని, ఫిబ్రవరిలోనే ఓడల్ని వెనక్కి పిలిచింది. వీళ్ల అడ్డు వల్లేనని జపానే ఒప్పుకుంది. మిగతావి బతికాయి. ఏ ప్రభుత్వంతో చెయ్యి కలిపితే అవి బతికేవి?

పొద్దు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. వాట్సన్‌ను గ్రీన్‌లాండ్‌లో అరెస్టు చేశారని అప్పట్లో చదివాను. అదీ ఈ గొడవలో భాగమేనా?

నల్లజెండా:

కాదండి, అది పాత కేసు. 2010లో అంటార్కిటికాలో జపాన్ ఓడ 'షోనన్ మారు 2'తో జరిగిన ఘర్షణ. కుళ్లిన వెన్నలా కంపు కొట్టే యాసిడ్ సీసాలు విసిరారని, ఒక నావికుడికి గాయమైందని జపాన్ కేసు పెట్టింది. 2012లో ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు వచ్చింది. 2024 జూలై 21న కొత్త ఫౌండేషన్ ఓడ ఇంధనం కోసం నూక్ రేవులో ఆగితే అక్కడే పట్టుకున్నారు. జపాన్ కొత్తగా దించిన 'కాంగెయ్ మారు' వేట ఓడను అడ్డుకోవడానికి వెళ్తున్నారప్పుడు. దాదాపు అయిదు నెలలు జైల్లో ఉంచి, డిసెంబర్ 17న వదిలేశారు. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ కిందే ఉంది, ఆ దేశం ఆయన్ని జపాన్‌కు అప్పగించలేదు. 73 ఏళ్ల వయసులో ఓడెక్కి జైలుకెళ్లినవాడు నాయకుడు కాకపోతే ఇంకెవరు నాయకుడు?

కళాసీ కొడుకు:

మా నాన్న విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద కళాసీ. కాబట్టి నేను ఈ విషయాన్ని వల పట్టుకునేవాళ్ల వైపు నుంచి చూస్తాను.

మెక్సికోలో కాలిఫోర్నియా సింధుశాఖ ఉంది. వాకీటా అనే చిన్న సముద్రపు క్షీరదం ప్రపంచం మొత్తం మీద అక్కడే ఉంది, అదీ పదీ పరక. తొతోవాబా అనే చేప కోసం వేసే వలల్లో చిక్కి చచ్చిపోతోంది. ఆ చేప కడుపులోని గాలితిత్తికి చైనాలో బోలెడు ధర. మనవాళ్లకు కచిడి చేప తెలుసు కదా, వల్లో ఒక్కటి పడితే లక్షలు పలుకుతుంది, అదీ ఆ తిత్తి కోసమే. రెండూ దగ్గరి చుట్టాలే. కచిడి పడిన రోజు బోటు మీద ఎలా ఉంటుందో నేను చూశాను. సరంగు నుంచి వంటవాడి దాకా ఎవరికీ నిద్ర పట్టదు. అప్పులు తీరతాయి, పెళ్లిళ్లు కుదురుతాయి.

సీ షెపర్డ్ అక్కడ ఆ వలల్ని లాగేసేది. 2020 డిసెంబర్ 31న వాళ్ల ఓడ, ఒక చిన్న వేట పడవ ఢీకొన్నాయి. పడవలోని ఒకాయన తర్వాత చనిపోయాడు. పడవలవాళ్లే ముందు దాడి చేశారని సంస్థ చెప్పింది, అయి ఉండొచ్చు. కానీ నల్లజెండా అన్నా, ఎదురెళ్లడం అని మీరు అంటున్నది అంటార్కిటికాలో పెద్ద కంపెనీ ఓడ ముందు ఒకలా ఉంటుంది, ఇంజను ఒక్కటే ఉన్న పేదవాడి పడవ ముందు ఇంకోలా ఉంటుంది. ఈ తేడా తెలియనివాడికి ఓడ ఇవ్వకూడదు. వాట్సన్ అయినా, ఆయన్ని తీసేసిన బోర్డు అయినా సరే.

తీరవాసి:

కళాసీ కొడుకు, ఆ చివరి మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

నేనెందుకు ఈ విషయం పట్టుకున్నానో చెప్పాలి. శ్రీకాకుళం తీరంలో ఒక చిన్న తాబేళ్ల సంరక్షణ బృందంతో మూడు సీజన్లు పనిచేశాను. జనవరి నుంచి మార్చి దాకా రాత్రంతా ఒడ్డు వెంట నడవాలి. ఆలివ్ రిడ్లీ తాబేలు పైకొచ్చి గుంట తవ్వి నూరు పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్తుంది. కుక్కలు, నక్కలు రాకముందే మేం ఆ గుడ్లు తీసి, తలకిందులు కాకుండా సంచిలో పెట్టి, కంచె వేసిన మా గుడ్ల కేంద్రానికి, అంటే హేచరీకి, తెచ్చి మళ్లీ పాతాలి. ప్రతి గుంట దగ్గరా ఒక పుల్ల, దాని మీద నంబరు. ఏ నంబరు గుంటలో ఏ తేదీన పాతామో రిజిస్టర్‌లో రాయాలి, ఎందుకంటే దాదాపు 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి.

ఆ బృందం పెట్టిన పెద్దాయన అంటే మాకందరికీ ప్రాణం. ఆయన చెప్పనిదే పుల్ల కూడా కదిలేది కాదు. రిజిస్టర్ ఆయన ఇంట్లోనే ఉండేది. రెండో ఏడాది మార్చి నెలాఖరులో ఆయనకు ఒంట్లో బాగాలేక ఊరు దాటించి ఆసుపత్రిలో చేర్చారు. ఇంటికి తాళం. ఏ గుంట ఎప్పుడు పగులుతుందో మాకెవరికీ తెలియదు. ఒక రోజు నేను ఎనిమిది గంటలకు వెళ్లేసరికి మూడు గుంటలు రాత్రే పగిలి ఉన్నాయి. పిల్లలు కంచె వల దగ్గర కుప్పగా పడి ఉన్నాయి. ఎండెక్కిన ఇసుకలో సగం కదలడం లేదు. అరచేతిలోకి తీసుకుంటే కాళ్లు ఎండుటాకుల్లా ఉన్నాయి. మిగిలినవాటిని బకెట్లలో వేసుకుని నీళ్ల దగ్గరికి పరుగెత్తాం.

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన లేకపోతే ఆ హేచరీయే లేదు. కానీ ఆ ఉదయం తర్వాత ఎవరు ఎంత త్యాగం చేశారన్న దానికన్నా, రిజిస్టర్ ఎవరి దగ్గరుంది అన్నదే ముందు అడుగుతున్నాను.

బాకీ లెక్క:

వృత్తిరీత్యా ట్రస్టుల ఆడిట్లు చూస్తాను. తీరవాసి గారు చెప్పిన రిజిస్టర్ సంగతి మేం రోజూ చూసేదే. కాకపోతే దాని రెండో వైపు కూడా ఉంది.

2012 డిసెంబర్‌లో అమెరికా అప్పీల్ కోర్టు, జపాన్ వేట ఓడల దగ్గరికి వెళ్లొద్దని సీ షెపర్డ్‌ను ఆదేశించింది. వాట్సన్ 2013 జనవరిలో అమెరికా, ఆస్ట్రేలియా శాఖల పదవులు అప్పటికి వదులుకున్నాడు. ఆస్ట్రేలియాలో బాబ్ బ్రౌన్, అక్కడి గ్రీన్స్ పార్టీ మాజీ నేత, ఆ సీజన్ నడిపించాడు. పని ఆగలేదు, ఆ ఏడాది జపాన్‌కు 103 తిమింగలాలే దక్కాయి. అయినా ఆదేశాన్ని మీరారన్న వివాదంలో 2015లో అమెరికా శాఖ 25 లక్షల 50 వేల డాలర్లు జపాన్ పక్షానికి కట్టాల్సి వచ్చింది. అదంతా తిమింగలాల కోసం జనం ఇచ్చిన డబ్బు. ఇలాంటప్పుడు బోర్డు కళ్లు మూసుకుని కూర్చుంటే అది బోర్డే కాదు.

అలాగని 2022లో చేసిన తీరును నేను సమర్థించను. స్థాపకుడిని తీసేసేటప్పుడు దాతలకు, వాలంటీర్లకు కారణాలు విప్పి చెప్పాలి. దేశదేశాల శాఖలు ఎటు వెళ్లాలో తెలియక చీలిపోయాయంటే, ఈ రోజు వస్తుందని తెలిసీ ఎవరూ ఏర్పాటు చేసుకోలేదని అర్థం. ఆ తప్పులో వాట్సన్‌కూ వాటా ఉంది. దశాబ్దాల పాటు సంస్థ, ఆయన వేరని ఎవరికీ అనిపించకుండా నడిపింది ఆయనే.

నల్లజెండా:

తీరవాసి గారూ, ఆ పిల్లల సంగతి చదివి మనసు పాడైపోయింది. మీ బాధ అర్థమైంది.

అయినా నా సందేహం తీరలేదు. ప్రభుత్వంతో కలిసినప్పుడు నోరు కట్టేసుకోవాల్సి వస్తుంది. నమీబియానే తీసుకోండి. అక్కడి తీరంలో ఏటా సీల్ పిల్లల్ని కర్రలతో కొట్టి చంపుతారు. 2011లో సీ షెపర్డ్ దాన్ని బయటపెట్టడానికి రహస్యంగా మనుషుల్ని పంపింది. 2019లో అదే నమీబియా మత్స్యశాఖతో కలిసి దొంగ వేట ఓడల మీద గస్తీకి దిగింది. గస్తీ మంచిదే. మరి ఆ సీల్ పిల్లల గురించి ఇప్పుడు ఎవరు అడగాలి?

తీరవాసి:

ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అడిగేవాళ్లు ఒకరు బయట ఉండాలి, ఒప్పుకుంటున్నాను. వాట్సన్ కొత్త ఫౌండేషన్ ఆ పని చేస్తే సంతోషమే. రెండు సంస్థలు కావడం ఒక రకంగా మంచిదేనేమో అని ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు నాకు తట్టలేదు.

కళాసీ కొడుకు:

ఒక్క విషయం చెప్పి వెళ్తాను. పశ్చిమ ఆఫ్రికా దేశం లైబీరియాలో తీరం నుంచి ఆరు నాటికల్ మైళ్లు (దాదాపు 11 కిలోమీటర్లు) చిన్న పడవలవాళ్లకే. మన దగ్గర 8 కిలోమీటర్లు తెప్పలకు, చిన్న పడవలకు వదిలినట్టే. 2017 నుంచి సీ షెపర్డ్ ఓడ మీద లైబీరియా కోస్ట్‌గార్డ్ వాళ్లు ఎక్కి గస్తీ తిరుగుతున్నారు. ఓడ, డీజిల్, నావికులు సంస్థవి. ట్రాలర్ (పెద్ద వల ఈడ్చే వేట ఓడ) మీదికెక్కి అరెస్టు చేసేది మాత్రం ఆ దేశపు యూనిఫాం వేసుకున్నవాళ్లు.

మా నాన్నకు ఇది చదివి వినిపించాను. వేట నిషేధం రోజులు కదా, ఇంట్లోనే ఉన్నాడు, వల బాగుచేసుకుంటున్నాడు. వాట్సన్ ఎవరు, బోర్డు ఎవరు అని ఏమీ అడగలేదు. "ఆ ఓడ మన 8 కిలోమీటర్ల లోపలికి వచ్చే బోట్లని కూడా ఆపుద్దా?" అన్నాడు. ఆ లోపలికి వెళ్లే మరబోట్ల మీద ఆయనే ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆ మాట అన్నాక దారం తెంపుకుని మళ్లీ వల పనిలో పడ్డాడు.