రాజమండ్రిలో మిద్దెతోటకు మాగిన ఎరువు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న (రాజమహేంద్రవరం):
అందరికీ నమస్కారం. మా డాబా మీద 20 కుండీల్లో వంగ, బెండ, గోంగూర పెంచుతున్నాను. పందిరికి ఒక ఆనపపాదు కూడా ఉంది. కిందటి నెలలో ఊళ్లోనే ఒకరి వద్ద కంపోస్టు అని చెప్పగా నాలుగు బస్తాలు కొన్నాను. మూతి విప్పగానే కళ్లు మండేటంత ఘాటు కొట్టినా, ఎరువంటే ఆమాత్రం వాసన ఉండదా అనుకొని మట్టిలో సగానికి సగం కలిపేశాను. వారం తిరగకముందే వంగనారు ఆకుల అంచులు మాడిపోయాయి. ఒక మొక్కను పెకలించి చూస్తే వేళ్లు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి, కుండీలో వేలు దూర్చితే లోపల వెచ్చగా తగిలింది. మా వీధిలో ఇప్పుడు పాడిపశువులున్న ఇల్లు ఒక్కటీ లేదు. మంచి ఎరువు ఎక్కడ వెతకాలో, కొనే ముందు ఎలా పరీక్షించాలో దయచేసి తెలుపగలరు.

జవాబు (కడియం):
మీరు చెప్పిన ఘాటు అమ్మోనియాదండి. అనపర్తి, బిక్కవోలు వైపు కోళ్ల ఫారాలు ఎక్కువ కనుక, మాగని కోళ్ల ఎరువు అందులో కలిసి ఉంటుందని నా అనుమానం. దానిలో నత్రజని మెండు. మాగకుండా వేస్తే లేతవేళ్లను మాడ్చేస్తుంది. అయినా పారేయకండి. కుండీలను గోనెపట్టా మీద కుమ్మరించి, పిడికిట పిండితే నీరు కారనంత తడి ఉంచుతూ, వారానికోసారి తిరగేయండి. వేడి, వాసన పూర్తిగా పోయాక, ఒక గ్లాసులో ఆ మట్టిని, మరో గ్లాసులో మామూలు మట్టిని పోసి, రెండింట్లోనూ పదేసి మెంతిగింజలు వేయండి. ఐదోరోజుకు రెండుచోట్లా ఒకేలా మొలిస్తే నిశ్చింతగా వాడవచ్చు. కొత్త ఎరువు కొన్నా ఇదే పరీక్ష.

ఇక దొరికే చోటు సంగతి. కడియపులంక నర్సరీల్లో బస్తాలు అమ్ముతారు గాని, వారు తమ మొక్కలకు ఏ కుప్పలోది వాడుతున్నారో అడిగి అదే ఇమ్మనండి. అంతకంటే మేలైన దారి, దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక, సార్వా (ఖరీఫ్ వరి) దమ్ముకు ముందు పల్లెలకు వెళ్లడం. రైతులు పెంటగోతులు తవ్వి గత్తం (మాగిన పశువుల ఎరువు) పొలాలకు తోలే కాలం అదే. ట్రాక్టరు తొట్టి ఒక్క డాబాకు ఎక్కువే కనుక, నలుగురు కలిసి పంచుకోండి.

జవాబు (అమలాపురం):
పై సలహాకు ఒక్క మాట చేరుస్తాను. గత్తాన్ని జల్లించకుండా మేడ ఎక్కించకండి. మా కొబ్బరితోటలను పీడించే కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లోనే. బొటనవేలంత లావున, తెల్లగా, గోధుమరంగు తలతో కొడవలిలా ముడుచుకున్న పిల్లపురుగులు కనిపిస్తే ఏరి చంపేయండి, లేదంటే అవి పెద్దవై ఎగిరి, చుట్టుపక్కల కొబ్బరిచెట్ల మొవ్వులను తొలుస్తాయి.

మట్టి గుల్లబారాలంటే మా వైపు కొబ్బరిపొట్టు కావలసినంత దొరుకుతుంది. అయితే అది ఎరువు కాదని గుర్తుంచుకోండి; పచ్చిపొట్టు కుళ్లే క్రమంలో మట్టిలోని నత్రజనినే లాగేసుకుంటుంది. రాత్రంతా నానబెట్టి, టీ రంగు నీళ్లను రెండు మూడుసార్లు ఒంపేసి, కుండీకి నాలుగోవంతు మించకుండా కలపండి.

జవాబు (కాకినాడ):
కొనడం మీద అంత ఆధారపడటం నాకు నచ్చదు. కూరగాయల తొక్కలు ఒక పాలైతే ఎండాకులు, తరిగిన ఎండుగడ్డి రెండు మూడు పాళ్లు వేసి, అడుగున రంధ్రాలున్న డ్రమ్ములో రెండు మూడు నెలలు మాగనిస్తే ఇంటి ఎరువు సిద్ధమవుతుంది. వానాకాలంలో మూత తప్పనిసరి. చౌక అని ఎవరైనా రొయ్యల చెరువు మట్టి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. మా మేనమామ ఇంట్లో అది వేసిన రెండు బెండ మడులు ఉప్పు తేలి తెల్లబడ్డాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం కుండీలన్నీ పట్టా మీద కుమ్మరించాను. మూడుచోట్ల ఇంకా వెచ్చగానే ఉంది. మెంతులు తర్వాత. దాళ్వా అయ్యాక గత్తం తెప్పించే పక్షంలో, మా వీధిలో మరో ఇద్దరు పాలు పంచుకుంటామన్నారు. రాజమండ్రిలో నాలుగోవారు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయగలరు.