గోండి భాషకు రేడియోలో సమయం: చట్టపరంగా అడగగలమా?

ప్రశ్న: రాజ్యాంగంలోని 29వ అధికరణం ప్రత్యేక భాష గల ప్రజలకు దానిని కాపాడుకునే హక్కునిచ్చింది. 2011 జనాభా లెక్కల్లో గోండు గిరిజనుల భాష అయిన గోండిని మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 29.8 లక్షల మంది. అయినా అది రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో లేదు. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గిరిజన భాషల కార్యక్రమాలు కొన్ని వస్తున్నా, వాటి నిడివి ఆ సంస్థ ఇష్టాన్ని బట్టే ఉంటుంది. అదే లెక్కల్లో పాతిక వేల లోపు మంది మాతృభాషగా నమోదు చేసుకున్న సంస్కృతంలో మాత్రం ఆకాశవాణి 1974 నుంచి వార్తలు ప్రసారం చేస్తున్నది (వాటిని ఆపాలని నా ఉద్దేశం కాదు). గోండి ప్రసారాలకు తగిన సమయం కేటాయించాలని కోర్టుకు వెళ్లవచ్చునా?

మొదటి సమాధానం: 29వ అధికరణం కంటే మీకు దగ్గరి ఆధారం ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి సంస్థకు సంబంధించిన 1990 నాటి చట్టంలోని 12వ సెక్షన్. దేశంలోని వివిధ ప్రాంతాల భాషలకు, సంస్కృతులకు తగినంత చోటివ్వడం, గిరిజనుల ప్రత్యేక అవసరాలు చూడడం ఆ సంస్థ విధులని అది చెబుతుంది. అయితే ఆ విధులను పాటించనంత మాత్రాన సంస్థపై సివిల్ బాధ్యత (సివిల్ దావాలో జవాబు చెప్పాల్సిన బాధ్యత) ఉండదని కూడా అదే సెక్షన్ అంటుంది. విధిని రాసిన చేత్తోనే దాన్ని నిలదీసే దారిని ఇరుకు చేశారు. హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థ తన విధిని పాటించేలా ఆదేశించమని కోరే అర్జీ) వేసే అవకాశం దీనితో పూర్తిగా పోలేదని నా అభిప్రాయం. ముందుగా ఏ భాషకు ఎన్ని గంటలు ఇస్తున్నారో సమాచార హక్కు చట్టం కింద రాబట్టండి. ఆ లెక్క లేకుండా కోర్టులో వాదన నిలవదు.

రెండో సమాధానం: ఆకాశవాణినే ఎందుకు పట్టుకోవాలి? ప్రసారాలు సాగే వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మీరే కమ్యూనిటీ రేడియో (స్థానికులు తమ కోసం నడుపుకునే చిన్న రేడియో కేంద్రం) పెట్టుకోవచ్చు. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ దాని అనుమతులు తెరిచాక, జహీరాబాద్ దగ్గరి మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు తమ యాసలోనే సంగం రేడియో నడిపారు.

మూడో సమాధానం: సంగం రేడియో గొప్పదే. కానీ అలాంటి కేంద్రం ప్రసారం పది, పదిహేను కిలోమీటర్లు దాటదు, గోండులేమో తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో చెదిరి ఉన్నారు. అంతకంటే పెద్ద అడ్డంకి, కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిబంధన. గోండిలో పాటలు, పంటల సలహాలు వినిపించవచ్చు. ఊళ్లో రేషన్ ఎందుకు రాలేదో వార్తగా చెప్పడానికి వీల్లేదు. అందుకే ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర, రేడియోను వదిలి ఫోన్‌ను పట్టుకుంది: గ్రామస్థులు ఫోన్ చేసి గోండిలో తమ సంగతి రికార్డు చేస్తారు, మిగిలినవారు ఫోన్‌లోనే వింటారు. మీ అర్జీలో ప్రసార సమయంతో పాటు ఈ వార్తల నిషేధాన్నీ ప్రశ్నించండి.