చీకట్లో తేనెటీగకి కళ్ళు కనిపిస్తాయా? అసలు ఎగరగలదా?

నిద్రపట్టని_జీవి:

నిన్న రాత్రి పదకొండున్నర దాటింది, నిద్ర పట్టక బాల్కనీలో లైటేసుకుని ఫోన్ చూస్కుంటూ కూర్చున్నా. ఎక్కడ్నుంచి ఊడిపడిందో ఒక తేనెటీగ వచ్చి బల్బు చుట్టూ గిరగిరా తిరగడం మొదలెట్టింది. ముందు ఏదో దీపం పురుగులే అనుకున్నా గానీ ఆ జుమ్మనే సౌండ్ తేడాగా ఉంది, పైగా బల్బుకి ఠప్పున గుద్దుకోవడం, కిందపడి వెల్లకిలా గిలగిలా కొట్టుకోవడం, మళ్ళీ లేవడం, మళ్ళీ అదే బల్బు. కుడుతుందేమోనని భయమేసి లైట్ ఆపేశా. ఆపీ ఆపగానే సౌండ్ బంద్. ఫోన్ వెలుగు కొంచెం పడేలా పెట్టి చూస్తే నేలమీద మీసాలు ఆడించుకుంటూ నడుస్తోంది, ఎగిరే ఉద్దేశమే లేదు దానికి. లైటేశా, లేచింది. ఆపేశా, పడింది. ఇలా మూడుసార్లు చేశా, పాపం ఏడిపించినట్టే అయింది కానీ చెయ్యి ఊరుకోలేదు.

ఇప్పుడు డౌట్ ఏంటంటే, దానికి చీకట్లో కనిపిస్తుందా కనిపించదా? కనిపించకపోతే అర్ధరాత్రి బయటేం పని? ఇంకోటి, తేనెపట్టు ఉండే తొర్రలో గానీ పెట్టెలో గానీ పగలైనా చీకటే కదా, మరి లోపల అన్ని పనులూ ఎలా చేసుకుంటున్నాయి? మా ఫ్రెండ్ ఒకడు వాటికి ఇన్‌ఫ్రారెడ్ కనిపిస్తుంది, నైట్ విజన్ కెమెరా టైపు అని తెగ వాదిస్తున్నాడు. వాడు ఇలాంటివి చాలా చెప్తుంటాడు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

పెట్టెల_బాబాయ్:

నీ ప్రయోగంలోనే ఆన్సర్ ఉంది కదయ్యా. చీకట్లో ఎగరవు, నడుస్తాయి. తొమ్మిదేళ్ళుగా పెట్టెలు పెంచుతున్నా, ఈ పాఠం నాకు పుస్తకంలో దొరకలేదు, ప్యాంటులో దొరికింది.

పెట్టెలు ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చాలంటే రాత్రే మారుస్తాం, ఎందుకంటే పొద్దుగూకేసరికి మేతకెళ్ళినవన్నీ ఇంటికి చేరతాయి, పగలు తీసుకెళ్ళిపోతే బయట ఉన్నవి తిరిగొచ్చి ఖాళీ జాగా చుట్టూ తిరుగుతూ ఉండిపోతాయి. కొత్తలో ఒకసారి అలా పెట్టె ఎత్తుతుంటే మూత పక్కకి జారింది. నా తలమీద తెల్ల హెడ్‌లైటు. ఇంకేముంది, లోపల్నుంచి వచ్చినవి వచ్చినట్టు నేరుగా లైటు మీదకి, అంటే నా మొహం మీదకే. కంగారుగా లైట్ ఆపేశా, గాల్లో ఉన్నవన్నీ వడగళ్ళు పడ్డట్టు టపటపా నా మీదా గడ్డిలోనూ పడ్డాయి. హమ్మయ్య అనుకున్నా. రెండు నిమిషాలకి మోకాలి దగ్గర ఏదో పాకుతున్నట్టనిపించింది. చీకట్లో పడ్డ ఈగ ఊరికే కూర్చోదు, కాలికి తగిలిన గుడ్డ పట్టుకుని పైపైకి ఎక్కుతుంది, నలిగిందా కుడుతుంది. ఆ రాత్రి ఎన్ని కుట్టాయో లెక్కపెట్టే ఓపిక కూడా లేదు. అప్పట్నుంచి ప్యాంటు అంచులు సాక్సులో దోపడం, లైటుకి ఎర్ర కాగితం చుట్టడం రెండూ అలవాటయ్యాయి. ఎర్ర వెలుగు వాటికి దాదాపు చీకటితో సమానం, మనం చూస్కోవచ్చు, అవి లైటు మీదకి రావు. కానీ ఎర్ర లైట్ ఉంది కదా అని రాత్రి పెట్టె తెరిచి ఫ్రేములు, అంటే పట్టు కట్టే చట్రాలు, తియ్యకండి, ఎగరలేనంత మాత్రాన కుట్టలేవని కాదు.

కన్ను_కటకం:

బాబాయ్ చెప్పిన ఎర్ర లైట్ సంగతితోనే ఫ్రెండ్ ఇన్‌ఫ్రారెడ్ థియరీ కూడా పోయినట్టే. తేనెటీగకి కనిపించేది తరంగం పొడవు సుమారు 300 నానోమీటర్ల నుంచి 650 దాకా ఉండే వెలుగు, అంటే అతినీలలోహితం, నీలం, ఆకుపచ్చ ఈ మూడూ దాని మూలరంగులు. మనకి కనిపించని అతినీలలోహితం దానికి కనిపిస్తుంది, మనకి కనిపించే ఎరుపు చివర దానికి కనిపించదు. ఎరుపే కనిపించనిదానికి ఎరుపు అవతల ఉండే ఇన్‌ఫ్రారెడ్ ఎక్కడ్నుంచి కనిపిస్తుంది, మీవాణ్ణి ఒకసారి అడగండి.

ఇక చీకటి విషయం. తేనెటీగకి మొత్తం ఐదు కళ్ళు. పక్కల రెండు పెద్దవి, నెత్తిమీద చుక్కల్లా మూడు చిన్నవి. పెద్ద కంటిలో ఒక్కోదాంట్లో దాదాపు 5 వేల బుల్లి కటకాలుంటాయి, ఒక్కోటీ మిల్లీమీటరులో నలభయ్యో వంతు కూడా ఉండదు. తిరకాసంతా ఇక్కడే. తేనెటీగ కంట్లో ఏ కటకం వెలుగు ఆ కటకం కింద వెలుగుని పట్టే గొట్టానికే పోతుంది, పక్కదానికి పోకుండా మధ్యలో రంగు పదార్థం అడ్డంగా ఉంటుంది. పట్టపగలు ఇది బ్రహ్మాండం, బొమ్మ తేటగా వస్తుంది. వెలుగు తగ్గేకొద్దీ అంత చిన్న రంధ్రంలోంచి దూరే వెలుగు దేనికీ చాలదు. రాత్రి తిరిగే చాలా రెక్కల పురుగుల్లో, అంటే మాత్ జాతివాటిలో, డిజైన్ వేరే, అక్కడ వందల కటకాల్లోంచి వచ్చిన వెలుగు ఒకేచోటికి చేరుతుంది, అందుకే చుక్కల వెలుతుర్లో కూడా పువ్వు దగ్గరికి పోగలవు.

నెత్తిమీద మూడు కళ్ళూ బొమ్మలు చూడటానికి కాదు, వెలుతురు ఎంతుందో కొలవడానికి పనికొస్తాయి. వాటిని మూసేసి చూస్తే ఈగలు పొద్దున లేటుగా బయల్దేరాయి, సాయంత్రం తొందరగా పని ఆపేశాయి. అంటే మసక వెలుతుర్లో ఆ కాస్త అదనపు టైమ్ వాటి పుణ్యమే.

ఎగరడానికి కళ్ళెందుకు, రెక్కలుంటే చాలదా అని డౌట్ రావచ్చు. చాలదు. గాల్లో వెళ్తుంటే కింద నేల, పక్కన చెట్లు వెనక్కి జారిపోతున్నట్టు కనిపిస్తాయి కదా, తేనెటీగ స్పీడు, దూరం, దిగేటప్పుడు బ్రేకు అన్నీ ఆ జారుడుని బట్టే చూసుకుంటుంది. మాండ్యం శ్రీనివాసన్ అనే సైంటిస్టు టీమ్ 2000లో దీన్ని భలే పట్టుకుంది. ఆరు మీటర్ల ఇరుకు టన్నెల్ గోడలకి గజిబిజి డిజైన్ అంటించి ఈగల్ని దాంట్లోంచి పంపారు, గోడలు దగ్గరగా ఉండేసరికి డిజైన్ సర్రున వెనక్కి పోయినట్టు కనిపించి, అవి ఇంటికెళ్ళి దాదాపు 200 మీటర్లు వెళ్ళొచ్చామని డాన్స్ చేసి చెప్పాయి (మేత ఎటు, ఎంత దూరమో తోటి ఈగలకి పట్టు మీద ఒళ్ళు ఊపుతూ డాన్స్ చేసే చెప్తాయి). మరి చీకట్లో జారేదేం కనిపిస్తుంది? మన కారుకి అద్దం, స్పీడోమీటర్ రెండూ ఒకేసారి నల్లరంగు కొట్టినట్టు. దాంతో మీ ఈగ చేసిందే చేస్తుంది, దిగి నడక.

అడ్డుపుల్ల:

అందరూ ఎగరవు ఎగరవు అంటున్నారు, నేను పున్నమి రాత్రి చెట్టుకున్న పెద్ద పట్టు నుంచి ఈగలు పోతూ వస్తూ ఉండటం నా కళ్ళతో చూశా. ఒకటీ రెండూ కాదు. నాదేమన్నా కలా?

కన్ను_కటకం:

కల కాదండి, కరెక్టే చూశారు, నేనే మొత్తం తేనెటీగ జాతిని ఒకే గాటన కట్టేశాను. పైన చెప్పిందంతా పెట్టెల్లో పెంచే రకాల గురించి. మీరు చూసింది కొమ్మలకీ కొండ చరియలకీ ఒకే ఒక పెద్ద పలకలా బయటికే పట్టు పెట్టే పెద్ద తేనెటీగ అయ్యుంటుంది, ఏపిస్ డార్సాటా అంటారు. దాని కంటి కటకాలూ నెత్తిమీద కళ్ళూ కూడా పెద్దవి, సగం చంద్రుడు ఆకాశంలో ఉన్నా చాలు మేతకి పోగలదు. అమావాస్య నాడు మాత్రం అది కూడా పోదు.

అమావాస్యకీ లెక్కచెయ్యని వాళ్ళు కూడా ఉన్నారు గానీ వాళ్ళు తేనెటీగలు కాదు, చెక్కకి చిల్లులు పెట్టే తుమ్మెదలు. పశ్చిమ కనుమల్లో ఉండే ఒక రకం తుమ్మెద మీద హేమా సోమనాథన్ వాళ్ళ టీమ్ 2008లో రాసిన పేపర్ ఉంది, చంద్రుడు లేని రాత్రి ఉత్త నక్షత్రాల వెలుతుర్లో అవి గూడు దగ్గర పెట్టిన గుర్తుల్ని రంగుని బట్టి పోల్చుకున్నాయట. ఆ వెలుతుర్లో మనకి అన్నీ బూడిద రంగే! చిత్రం ఏంటంటే వాటి కన్ను కూడా తేనెటీగ మోడలే, ఏ కటకానికి ఆ కటకమే, సైజులు మాత్రం పెంచుకున్నాయి.

గ్రహణం_బ్యాచ్:

పగలే చీకటైతే ఏం చేస్తాయో కూడా చూశారు తెలుసా. 2017 ఆగస్టు 21న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు మిస్సోరీ యూనివర్సిటీకి చెందిన కాండేస్ గేలెన్ వాళ్ళు, స్కూలు పిల్లల్ని కూడా కలుపుకుని, పూల మధ్య చిన్న మైకులు వేలాడదీశారు. మొత్తం 16 చోట్ల. సూర్యుడు కొద్దికొద్దిగా మూసుకుపోతున్నంతసేపూ ఈగలు పని మానలేదు, మామూలుగా జుమ్మంటూనే ఉన్నాయి. పూర్తిగా మూసుకున్న ఆ రెండు మూడు నిమిషాలు మాత్రం నిశ్శబ్దం, అన్ని మైకులూ కలిపి ఒక్కటంటే ఒక్క జుమ్మే రికార్డయింది. వెలుగు రాగానే మళ్ళీ మామూలే. ఇందులో తేనెటీగలతో పాటు వేరే రకాల ఈగలు కూడా ఉన్నాయి లెండి, కానీ మన సోదరుడి బాల్కనీ స్విచ్చు ప్రయోగాన్ని ఆకాశమంత సైజులో చేసినట్టుంది.

నిద్రపట్టని_జీవి:

హహ స్విచ్చు ప్రయోగం అని పేరు కూడా పెట్టేశారా. అందరికీ థాంక్స్, కానీ రెండు మిగిలిపోయాయి. ఒకటి, అర్ధరాత్రి అది బయటెందుకుంది. రెండు, డాన్స్ చేసి దారి చెప్తాయి అంటున్నారు కదా, ఆ డాన్స్ చేసేది చీకటి పెట్టెలోనే కదా, చీకట్లో డాన్స్ ఎవడు చూస్తాడు?

పెట్టెల_బాబాయ్:

రెండోది ముందు చెప్తా, నాకిష్టమైన సబ్జెక్టు. ఎవడూ చూడడు! పట్టుకుని తెలుసుకుంటాయి. డాన్స్ చేసే ఈగ వెనకాల నాలుగైదు గుమిగూడి యాంటెన్నాలు, అదే మీసాలు, దాని ఒంటికి ఆనించి దాంతోపాటే నడుస్తాయి, అది ఒళ్ళు ఊపుకుంటూ రెక్కలతో సన్నగా బర్ర్ మనిపిస్తుంది, ఆ గాలి కదలికని యాంటెన్నా మొదట్లో ఉండే అవయవం పట్టేస్తుంది. పట్టు మీద నిట్టనిలువుగా పైకి పరిగెడితే సూర్యుడి వైపే పొమ్మని, కుడికి వాలితే సూర్యుడికి అంత కుడిగా అని అర్థం. ఎంతసేపు ఊపితే అంత దూరం. ఇదంతా విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ ఇచ్చారు. ఇంకో వింత, కొన్ని ఈగలు బయటికి పోకుండా గంటల తరబడి డాన్స్ చేస్తూనే ఉంటాయి, బయట సూర్యుడు కదిలేకొద్దీ లోపల వీటి కోణం కూడా మారుతుంది, చూడకుండానే. రాత్రిపూట అలా చేసినవి కూడా ఉన్నాయి, సూర్యుడు నేల కింద ఎక్కడున్నాడో లెక్కకట్టి మరీ.

మిగతా పనులకీ కన్ను అక్కర్లేదు. రాణి ఎక్కడుందో వాసన, పిల్లపురుగుకి ఆకలేస్తే వాసన, మైనం గది గోడ మందం యాంటెన్నాతో తడిమి చూడ్డం. పిల్లల్ని సాకే చిన్న వయసు ఈగలకి రాత్రీ పగలూ తేడాయే లేదు, వంతులేసుకుని పని చేస్తూనే ఉంటాయి. బయట తిరిగొచ్చే పెద్దవి మాత్రం రాత్రి నిద్రపోతాయి, అవును నిజం నిద్రే, యాంటెన్నాలు వాల్చేసి.

ఇక నీ మొదటి డౌటు. ఉక్కపోతగా ఉన్న రాత్రి పెట్టెలో వేడికి చాలా ఈగలు గుమ్మం బయట గడ్డంలా వేలాడతాయి, దగ్గర్లో లైటుంటే ఒకటీ అరా అటు లేచిపోతాయి. లేదా పట్టుని ఎవరో కదిలించి ఉండొచ్చు, లేదా పొద్దుపోయి దారిలో ఎక్కడో ఆగిపోయిన ఈగ లైట్ కనిపించగానే లేచి ఉండొచ్చు. మీ దగ్గర్లో ఆ పెద్ద రకం పట్టుంటే మాత్రం తరచూ వస్తాయి, రాత్రిళ్ళు కిటికీలకి తెర వేసుకోవడమే.

కన్ను_కటకం:

బల్బు దగ్గర వెల్లకిలా పడ్డం గురించి ఒక ముక్క. ఎగిరే పురుగులు వీపు ఎప్పుడూ వెలుగు వైపు ఉండేలా చూసుకుంటాయని 2024లో హైస్పీడ్ కెమెరాలు పెట్టి చూపించారు. వెలుగంటే ఆకాశం, ఆకాశమంటే పైన, వాటి లెక్క అది. బల్బుకంటే పైకి వెళ్ళిన పురుగు వీపుని కిందకి తిప్పేస్తుంది, అంటే తలకిందులై పడిపోతుంది. అందులో చూసినవి ఎక్కువగా మాత్‌లు, తూనీగలు లాంటివి, కానీ మీరు చెప్పిన సీన్ అచ్చం అలాగే ఉంది.

గ్రహణం_బ్యాచ్:

భయపెట్టడానికి కాదు గానీ, రాత్రి లైట్ల దగ్గర ఈగలు చచ్చి పడుంటే ఇంకో కారణం కూడా బయటపడింది, కాలిఫోర్నియాలో. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ హాఫర్నిక్ అనే ప్రొఫెసర్ తను పెంచుకునే గొల్లభామకి, అదే మాంటిస్‌కి, మేతగా లైట్ల కింద పడ్డ ఈగల్ని ఏరి సీసాలో వేసి టేబుల్ మీద మర్చిపోయాడు. కొన్నాళ్ళకి చూస్తే సీసాలో వేరే ఈగ తాలూకు ప్యూపాలు, అంటే పిల్లపురుగు ఈగగా మారేముందు గూడు కట్టుకున్న దశ! ఆ బుల్లి ఈగ తేనెటీగ పొట్టలో గుడ్లు పెడుతుంది, దాంతో తేనెటీగ రాత్రిపూట ఇల్లు వదిలి లైటు దగ్గరికి పోయి చస్తుంది, తర్వాత పిల్లపురుగులు మెడ దగ్గర్నుంచి బయటికొస్తాయి. 2012లో పేపర్ వేశారు. అది ఉత్తర అమెరికా ఈగ, ప్రతి బల్బు దగ్గర ఈగకీ దాన్ని అంటగట్టొద్దు.

నిద్రపట్టని_జీవి:

ఆ చివరిది రాత్రి పడుకునే ముందు చెప్పాలా బ్రో!

మా ఈగ సంగతి అప్‌డేట్. లైట్ ఆపేశాక దాన్ని కాగితం మీదకి ఎక్కించి పూలకుండీలో వదిలి, పొద్దున ఆరింటికి వెళ్ళి చూశా. ఆకు కింద కదలకుండా ఉంది, పోయిందేమో అనుకున్నా. ఎండ ఆకు మీదకి వచ్చాక ముందు ఒక యాంటెన్నా కదిలింది, తర్వాత ముందుకాళ్ళతో కళ్ళు తుడుచుకుంది, పొట్ట కాసేపు గబగబా ఊగింది, జుమ్మని లేచి కుండీ చుట్టూ ఒక చుట్టు చుట్టి గోడ దాటిపోయింది. బల్బు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.