తక్కువగా ముద్రించిన పాత నాణేలకు అంత గిరాకీ ఎందుకు?

ప్రశ్న:
నమస్కారం. పాత నాణేల గురించి ఈమధ్యే చదవడం మొదలుపెట్టాను. ఒక ఏడాదిలో ఎంత తక్కువగా ముద్రిస్తే ఆ నాణెం అంత అపురూపమని చాలామంది రాస్తారు. కానీ అమెరికాలోని డెన్వర్ టంకశాల 1950లో ముద్రించిన అయిదు సెంట్ల జెఫర్సన్ నాణేలు 26,30,030 మాత్రమే. ఆ వరుసలో మామూలు నాణేలకు అంతకన్నా తక్కువ సంఖ్య లేకపోయినా, అది పెద్దగా వెతకకుండానే దొరుకుతుందట. 1903లో న్యూ ఓర్లీన్స్‌లో ముద్రించిన మోర్గాన్ వెండి డాలర్లు 44,50,000 ఉన్నా, ఒకప్పుడు అవి కంటికి కనబడితే చాలనుకునేవారట. ముద్రణ సంఖ్యే కొలత అయితే ఈ తిరకాసు ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు:
మీరు సరైన చోటే ఆగారు. టంకశాల లెక్క ఎన్ని పుట్టాయో చెబుతుంది గానీ, ఎన్ని మిగిలాయో చెప్పదు. అమెరికాలో 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించారు. ఏ సంవత్సరానివి ఎన్ని కరిగాయో విడివిడిగా లెక్క రాయలేదు కాబట్టి, 1903 న్యూ ఓర్లీన్స్ డాలర్లు దాదాపు అన్నీ కొలిమి పాలయ్యాయనే సేకర్తలు నమ్మారు. 1962 చివర్లో ఖజానా గదుల నుంచి అవే డాలర్లు, చేయి మారని కొత్త నాణేలుగా, సంచులకు సంచులు బయటపడడంతో వాటి ధర ఒక్కసారిగా కుప్పకూలింది. ముద్రణ సంఖ్యలో ఒక్క అంకె కూడా మారలేదని గమనించండి.

1950 నాణేనిది దీనికి తలకిందుల కథ. తక్కువగా వచ్చిందన్న కబురు అప్పుడే పాకడంతో జనం వాటిని చుట్టలకు చుట్టలుగా దాచిపెట్టారు. చేతులు మారి అరిగిపోయినవి తక్కువ కాబట్టి మెరుపు తగ్గనివి నేటికీ దొరుకుతున్నాయి. కొత్తగా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని నాణేలే తర్వాత అపురూపమవుతాయని నా గట్టి నమ్మకం.

మరో జవాబు:
పై మాటకు భారతదేశపు ఉదాహరణ ఒకటి చేరుస్తాను. 1911లో అయిదవ జార్జి బొమ్మతో వచ్చిన వెండి రూపాయిలో, రాజు వస్త్రం మీద చెక్కిన ఏనుగుకు తొండం పొట్టిగా ఉండడంతో అది చూసేవారికి పందిలా కనిపించింది. అభ్యంతరాలు రావడంతో దాన్ని ఆపివేసి, 1912లో బొమ్మను సవరించారు. ముద్రించిన సుమారు 94 లక్షల నాణేలలో చలామణీలోకి వెళ్లినవి దాదాపు 7 లక్షలే. ఈ 'పంది రూపాయి'ని కోరుకునేవారిని కదిపితే సంఖ్య కన్నా ముందు ఏనుగు కథే చెబుతారు. అది చిన్న విషయం కాదు.

ఇంకో జవాబు:
కొరత ఒక్కటే చాలదు, కావాలనుకునేవారూ ఉండాలి. 1930లలో ఒక్కో సంవత్సరానికీ, ఒక్కో టంకశాలకూ ఒక్కో గుంట ఉన్న అట్టలు అమెరికాలో వాడుకలోకి వచ్చాక, లింకన్ సెంట్లు పోగుచేసే ప్రతివారికీ 1909లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించిన వీడీబీ సెంటు గుంట ఖాళీగా మిగిలేది. శిల్పి విక్టర్ డేవిడ్ బ్రెనర్ పేరులోని ఆ మూడు పొడి అక్షరాలు వెనుకవైపు మరీ కొట్టొచ్చినట్టు ఉన్నాయన్న విమర్శతో కొద్ది రోజులకే వాటిని తీసివేశారు. అప్పటికి అక్కడ ముద్రించినవి 4,84,000. అదే రకం ఫిలడెల్ఫియాలో దాదాపు 2 కోట్ల 80 లక్షలు. కోరేవారు లక్షల్లో ఉన్నప్పుడు నాలుగు లక్షల చిల్లర కూడా చాలదు. ఎవరూ వరుసగా సేకరించని నాణెం వందల్లోనే మిగిలినా అడిగే నాథుడు ఉండడు.

ప్రశ్న అడిగినవారు:
చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. ఇంత గిరాకీ ఉన్నచోట నకిలీలు కూడా వస్తాయి కదా, వాటిని ఎలా పసిగట్టాలి?

మొదటి జవాబు రాసినవారు:
తప్పకుండా వస్తాయి. గిరాకీ ఉన్న 1914 డెన్వర్ సెంటు కోసం 1944 డెన్వర్ సెంటులోని మొదటి 4ను చెక్కి 1గా మారుస్తారు. అప్పుడు 9కీ, ఆ 1కీ మధ్య ఎడం ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. భూతద్దంతో లింకన్ భుజం అంచున కూడా చూడండి. వీడీబీ అక్షరాలు 1918లో అక్కడికి తిరిగి వచ్చాయి కాబట్టి, అసలైన 1914 సెంటు మీద అవి ఉండవు.